నాలుగు డిగ్రీల చెయ్యి

వరహాలమ్మ ఎడమ అరచెయ్యి మూడేళ్ళుగా ఆమెది కాదు. సీతమ్మవలస ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మందుల గది మూలన కూర్చున్న టీకాల ఫ్రిజ్‌ది. ఫ్రిజ్ చల్లగా ఉన్నంతసేపూ ఆ చెయ్యి కుండలో నీళ్ళు తాకినట్టు చల్లగా ఉంటుంది. ఫ్రిజ్ వేడెక్కితే చెయ్యీ వేడెక్కుతుంది. ఫ్రిజ్‌కి సెలవుల్లేవు కాబట్టి చేతికీ లేవు. చేతిని ఇంట్లో వదిలేసి మనిషి ఎక్కడికీ పోలేడు కాబట్టి వరహాలమ్మకూ లేవు.

ఆ సోమవారం పొద్దున్న బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఉండగా అరచెయ్యి నులివెచ్చనైంది. ఒక స్టాపు దాటేసరికి ఆ వెచ్చదనం మణికట్టు దాకా పాకింది. ఆమె నిట్టూర్చి, సంచీ మోచేతికి తగిలించుకుని, ఆరోగ్య కేంద్రం వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది.

"అప్పలస్వామీ, కరెంటు ఎప్పుడు పోయింది?"

"తెల్లారిగట్ల పోయిందమ్మా. వొచ్చీస్తాదిలే అని కూకున్నాను."

"కూర్చోకు. జనరేటర్ వెయ్యి."

"ఏసేత్తన్నాను. అక్కడెక్కడో బస్సులో ఉండి మీకెలగ తెలిసిపోద్దో నాకర్తం కాదు."

ఆరోగ్య కేంద్రం మెట్లెక్కేసరికి చెయ్యి మళ్ళీ చల్లబడింది. ఆమె కుర్చీలో కూలబడి, ఉష్ణోగ్రతల రిజిస్టరు తెరిచి, ఉదయం తొమ్మిది గంటల గడిలో 4 అని రాసి సంతకం పెట్టింది. ఫ్రిజ్ మూత ఎత్తలేదు. అంకె కోసం ఎత్తడం ఎప్పుడో మానేసింది. ఎత్తినప్పుడల్లా చలవ బయటికి పోతుంది, పైగా లోపలుండాల్సిన థర్మామీటరు చలికాలంలోనే పాడైంది. ముల్లు సున్నాకి దిగువన కూర్చుని, చెయ్యేమో నాలుగు డిగ్రీల దగ్గర హాయిగా ఉంటే, ఎవరైనా దేన్ని నమ్ముతారు? ఆమె థర్మామీటరును సొరుగులో పడేసి, కొత్తది పంపమని జిల్లాకు ఉత్తరం రాసింది. కొత్తది రాలేదు, ఆమే మర్చిపోయింది.

అంతకు ముందు ఆ పని డేటా లాగర్లు చేసేవి. అగ్గిపెట్టెంత డబ్బా ఫ్రిజ్‌లో కూర్చుని పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత నమోదు చేసుకునేది, హద్దు దాటితే కూసేది. వచ్చిన చిక్కల్లా దాని కూత వినేవాళ్ళు లేకపోవడమే. ఆదివారం కూస్తే ఆఫీసులో మనిషి ఉండడు. సోమవారం కూస్తే చెవులు చిల్లులు పడుతున్నాయని ఎవరో బ్యాటరీ పీకేస్తారు. డబ్బా నమోదు చేసినదాన్ని కంప్యూటర్లోకి దించి చదివే తీరిక ఏ కేంద్రంలోనూ ఉండేది కాదు. విశాఖలో ఒక ప్రయోగశాల నడిపే డాక్టర్ ఇందుమతి ఆ డబ్బాలతోనే తొమ్మిదేళ్ళు వేగి, చివరికి వాటిని పక్కన పెట్టింది. చూడకుండా ఉండే వీలే లేని చోట లాగర్‌ని పెట్టాలి అనుకుంది. ఆ చోటు మనిషి ఒళ్ళు.

ఆమె తయారుచేసినదాన్ని కవలగింజ అనేవారు. బియ్యపు గింజంత స్ఫటికాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఒక సగాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, రెండో సగాన్ని మనిషి అరచేతిలో చర్మం కింద నరానికి ఆనించి నాటుతారు. ఒక సగానికి తగిలిన వేడి, చలవ రెండో సగానికి తెలుస్తాయి. మధ్యలో కొండలున్నా, సెల్ టవర్ లేకపోయినా సరే. అదెలాగని అడిగితే ఇందుమతి గంటసేపు చెప్పగలదు. వరహాలమ్మకు మొదటి ఐదు నిమిషాలే అర్థమయ్యాయి, తన పనికి అంత చాలనిపించింది. పదకొండు కేంద్రాల్లో పదకొండు మంది ఫార్మసిస్టుల చేతుల్లో గింజలు నాటారు. మూడేళ్ళలో ఆ పదకొండు చోట్లా ఒక్క టీకా సీసా వేడికి చెడిపోలేదు. వరహాలమ్మ బల్ల వెనక గోడకు ప్రశంసాపత్రం వేలాడుతోంది. ఎనిమిది వందల కేంద్రాలకు ఇదే పద్ధతి పెట్టాలా అన్నది తేల్చడానికి వచ్చే వారం పెద్ద కమిటీ కూర్చోబోతోంది.

పత్రం అక్కడ వేలాడుతోంది గానీ, ఇంట్లో కథ వేరు. ఎడమచేత్తో అన్నం గిన్నె పట్టుకుంటే కాలుతోందో లేదో తెలియదు, రెండుసార్లు బొబ్బలెక్కాయి. అక్క కూతురి పెళ్ళిలో తలంబ్రాల వేళకు చెయ్యి భగ్గుమంటే, పట్టుచీరతోనే ఆటో ఎక్కి ఆస్పత్రికొచ్చి పడింది. నిద్రలో కూడా ఆమె లోపల ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. నలభై ఎనిమిదేళ్ళకే అరవై దాటినదానిలా నడుస్తోందని వదినలు అనుకుంటున్నారు.

"ఏటే, నీ రెండో మొగుడెలాగున్నాడు?" అని అడిగేవాడు భర్త తవిటినాయుడు, ఆమె ఇల్లు చేరగానే. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఫ్రిజ్ మీద అతనికి కోపం లేదు, బెంగ ఉంది.

"నాలుగు."

"నాలుగంటే బావున్నట్టా?"

"బావున్నట్టే."

"మరి నువ్వు?"

ఆ ప్రశ్నకు వరహాలమ్మ దగ్గర అంకె ఉండేది కాదు. చెప్పులు విడిచి, గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకునేది. అతనే లేచి టీ పెట్టేవాడు.

* * *

బుధవారం టీకాల రోజు. పది దాటాక జీడిలోవ నుంచి బిడ్డిక చామంతి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఒడిలో ఏడు నెలల ఆడపిల్ల, సిరి. టీకాకు తేలేదు. పిల్ల మెడ దవడల దాకా ఉబ్బిపోయి ఉంది, ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గరగరమంటోంది.

డాక్టర్ ప్రణవ్ టార్చి వేసి చూశాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. పిల్ల గొంతులో బూడిదరంగు పొర కనిపించేసరికి అతని మొహం పాలిపోయింది. ఆ జబ్బును అతను పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదు.

"కంఠసర్పి, డిఫ్తీరియా" అన్నాడు వరహాలమ్మతో లోగొంతుకతో. "అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి." అని చామంతి వైపు తిరిగాడు. "టీకాలు ఎందుకు వేయించలేదమ్మా?"

"ఏయించినాను బాబూ. మూడుసార్లూ కొండ దిగి కింద సబ్‌సెంటరుకి తెచ్చినాను."

"మూడు డోసులు పడ్డ పిల్లకి ఇది ఇలా రాదు."

చామంతి కొంగులోంచి కార్డు తీసి చూపించింది. మూడు గళ్ళలోనూ టిక్కులున్నాయి. ఆ టిక్కులు పెట్టిన నర్సు కిందటి నెలే బదిలీ అయి వెళ్ళిపోయింది.

"టిక్కులదేముంది, ఎవరైనా పెడతారు" అన్నాడు డాక్టర్. "నిజం చెప్పు. అక్కడ పెద్దాసుపత్రిలో వాళ్ళకు వైద్యం చెయ్యడం తేలికవుతుంది."

"నిజవే సెప్తన్నాను. రెండోసారి వాన పడతంటే గుంటకి తువ్వాలు సుట్టి తెచ్చినాను. మాగమాసంలో వానేటని మా అత్త తిట్టింది గూడాను."

డాక్టర్ బల్ల మీది రిజిస్టరు తిప్పాడు. నాలుగు, నాలుగు, నాలుగు. పేజీలకు పేజీలు వరహాలమ్మ గుండ్రటి చేతిరాతలో నాలుగులే. "మందు చెడిపోయిందనుకుందామంటే, మన ఫ్రిజ్ జిల్లాకే ఆదర్శం" అని తనలో తాను అనుకున్నట్టు పైకే అన్నాడు. పెద్దాసుపత్రికి పంపే చీటీ మీద గబగబా రాశాడు: టీకాలు వేయించినట్టు నమ్మదగిన ఆధారం లేదు.

చామంతి చదువుకుంది. ఆ వాక్యాన్ని అతని భుజం మీదుగా చదివి, వరహాలమ్మ వైపు చూసింది. కొండ మీది వాళ్ళందరూ ఆమెను మందులమ్మ అంటారు.

"మందులమ్మా, నువ్వైనా సెప్పు. నీ కాడినించే గదా ఆ పెట్టెలో మందొచ్చింది."

మందు పంపింది వరహాలమ్మే. సూది వేస్తుండగా చూసింది లేదు. చామంతి వచ్చిందని చెబితే తన మందు చెడిందని ఒప్పుకోవాలి. మందు మంచిదని చెబితే చామంతి అబద్ధమాడుతోందని ఒప్పుకోవాలి. ఆమె నేల చూపులు చూస్తూ ఉండగానే అంబులెన్సు వచ్చింది, చామంతి పిల్లను గుండెకు హత్తుకుని అందులోకి ఎక్కేసింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక వరహాలమ్మ మందుల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసింది. ఆ వాన ఆమె తలలోంచి పోవడం లేదు. మాఘంలో వాన పడ్డది ఒకే ఒక్క బుధవారం. ఆ రోజు టీకాల పెట్టె మీద ప్లాస్టిక్ సంచీ కప్పి పంపింది తనే. అబద్ధమాడేవాళ్ళు టీకా వేయించామంటారు గానీ, తువ్వాలు, అత్త తిట్లు కూడా జోడించరు.

సొరుగులోంచి పాడైన థర్మామీటరు తీసింది. పక్కనున్న ఫ్రీజర్‌లోంచి ఐసు తెచ్చి, చితక్కొట్టి, స్టీలు గ్లాసులో వేసి, నీళ్ళు పోసి, థర్మామీటరు అందులో ముంచింది. ఐసు, నీళ్ళు కలిసి ఉన్నచోట సున్నా ఉండాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్పిన మొదటి పాఠం అది. ముల్లు కదిలి కదిలి సరిగ్గా సున్నా దగ్గర ఆగింది. నమ్మలేక ఇంకో గ్లాసులో ఇంకోసారి చూసింది. సున్నాయే.

థర్మామీటరు బాగానే ఉంది. ఆరు నెలలుగా బాగానే ఉంది.

ఆమె ఫ్రిజ్ మూత ఎత్తి, దాన్ని సీసాల బుట్టలో పెట్టి మూసి, స్టూలు మీద కూర్చుంది. అరగంట తర్వాత తీసి చూస్తే సున్నాకి ఒకటిన్నర దిగువన ఉంది. ఎడమ చెయ్యి మాత్రం ఎప్పటిలాగే కుండలో నీళ్ళలా చల్లగా, నెమ్మదిగా ఉంది. ఎప్పుడూ ఎడమచేత్తోనే, పైన తేమ పట్టిన సీసాల లోపలికి చూడకుండానే, తీసి పెట్టెలో సర్దడం అలవాటు. ఈసారి కుడి చెయ్యి బుట్ట అడుగుకి పోనిచ్చింది. ఎముకలు కొరికేసే చలి. చివాలున చెయ్యి వెనక్కి లాక్కుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుండిపోయింది.

టీకాలు వేడికి చెడిపోతాయని అందరికీ భయమే. కొన్ని గడ్డకడితే చస్తాయన్నది మాత్రం ఎవరికీ తలపుకు రాదు. కంఠసర్పి టీకా అలాంటిదే. ఊళ్ళకు చేరేసరికి కరిగిపోయి, చూడడానికి మామూలుగానే ఉంటుంది. లోపల సత్తువ ఉండదు.

ఫైల్లో ఆమె ఉత్తరం నకలు దొరికింది. థర్మామీటరు సున్నాకి దిగువ చూపుచున్నది, పాడైనది, కొత్తది పంపగలరు. కింద తేదీ, జనవరి తొమ్మిది. అప్పటినుంచి ఈ ఫ్రిజ్‌లోంచి మందు వెళ్ళిన పిల్లల లెక్క తీస్తే నూట అరవై ఏడు మంది తేలారు.

* * *

మర్నాడు విశాఖకు తవిటినాయుడు కూడా వచ్చాడు. ఒంటరిగా పంపనన్నాడు. ప్రయోగశాల వరండాలో అతన్ని కూర్చోబెట్టి వరహాలమ్మ లోపలికి వెళ్ళింది.

ఇందుమతి అంతా వింది. వరహాలమ్మ ఎడమ చేతిని, లోపలి గింజకు నేరుగా చలవ పంపే ఒక లోహపు పలక మీద పెట్టించి, తెరను తన వైపు తిప్పుకుంది. పలక చాలా నెమ్మదిగా చల్లబడుతోంది. నిమిషాలు గడిచాయి. కిటికీ అవతల ఎవరో మొక్కలకు నీళ్ళు పెడుతున్నారు.

"ఇప్పుడెంత అనిపిస్తోంది వరహాలమ్మ గారూ?"

"నాలుగు మేడమ్."

ఇంకో అరగంట.

"ఇప్పుడు?"

"నాలుగే."

ఇందుమతి తెరను ఆమె వైపు తిప్పింది. సున్నాకి ఒక డిగ్రీ దిగువ. తర్వాత ఏదో మీట నొక్కింది. పలక ఒక్కసారిగా మారింది, వరహాలమ్మ చెయ్యి వెనక్కి లాగేసుకుంది.

"వేడెక్కింది మేడమ్."

"అసలైన నాలుగు అదీ" అంది ఇందుమతి.

సోమవారం పొద్దున్న బస్సు వరహాలమ్మ కళ్ళముందు మెదిలింది. చెయ్యి నులివెచ్చనైనప్పుడు ఫ్రిజ్ ఆరు నెలల్లో మొదటిసారి ఉండాల్సిన చోటికి వచ్చి ఉంటుంది. తనే ఫోన్ చేసి, వాచ్‌మన్‌ని అదిలించి, జనరేటర్ వేయించి మళ్ళీ గడ్డకట్టించింది.

"థర్మోస్టాట్ పాతబడి ఉంటుంది. రోజుకింత చొప్పున దిగజారుతూ వచ్చింది" అంది ఇందుమతి. "ఒక్కసారిగా దిగితే మీ చెయ్యి పట్టేసేది. మెల్లగా దిగితే దానితోపాటే అలవాటు పడిపోయింది. చన్నీళ్ళ స్నానం చేసేవాళ్ళకు రెండో చెంబుకి చలి తెలియదు కదా, అలాగే. నేను గింజను వెయ్యిసార్లు పరీక్షించాను. దాన్ని మోసే చేతిని పరీక్షించాలని తోచలేదు."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళ కింద నల్లటి చారలు. ఈమె కూడా నిద్రపోయి చాలా కాలమైందని వరహాలమ్మకు అప్పుడు అనిపించింది.

"నన్ను ఒకటి చెప్పనివ్వండి" అంది ఇందుమతి. "మీ ఫ్రిజ్‌ని ఇవాళే బాగుచేయిస్తాను. మిగతా పది చోట్లకూ మనుషుల్ని పంపి చూపిస్తాను. ఆ పిల్లలందరికీ మళ్ళీ టీకాలు వేద్దాం, ప్రత్యేక కార్యక్రమం అంటే ఎందుకని ఎవరూ అడగరు. కానీ కారణం మాత్రం ఇప్పుడు బయటికి రానివ్వద్దు. రెండు వారాలు ఆగండి. రోజూ కాసేపు చేతికి వేడి తగిలిస్తే నరం మళ్ళీ దారికి రావచ్చు. అది రుజువు చేశాక నేనే చెబుతాను. ఇప్పుడు చెబితే మొత్తం మూసేస్తారు. మళ్ళీ ఎవరూ చూడని డబ్బాలే వస్తాయి. మీ రిజిస్టరులో నాలుగే ఉంది కదా."

మాటలో తప్పు పట్టడానికి లేదు. పిల్లలకు మందు అందుతుంది, తన పేరు చెడదు, ఈవిడ ఇన్నేళ్ళ కష్టం బూడిదపాలు కాదు. వరహాలమ్మ ఒళ్ళంతా సరేననమని బతిమాలుతోంది. సరేనంటే ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

"ఆ అమ్మాయి టీకాలు వేయించలేదని కాగితం మీద రాసి పంపాం మేడమ్" అంది. "పెద్దాసుపత్రిలో ప్రతి ఒక్కరూ ఆ కాగితం చదివే ఆవిడతో మాట్లాడుతుంటారు. రెండు వారాలపాటు."

ఇందుమతి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"గింజ తీసెయ్యండి."

"తీస్తే నరం తెగుతుంది. ఆ చేతికి ఇంక చల్లనా వేడీ తెలియవు. జన్మలో తెలియవు."

"ఇప్పుడు మాత్రం ఏం తెలుస్తోంది?"

ఇందుమతి చాలాసేపు ఆ అరచేతిని తన చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి చేతులు కడుక్కుంది. కమిటీకి ఉత్తరం తనే రాస్తానని, ఆ రోజే రాస్తానని, వీపు ఇటు పెట్టుకునే చెప్పింది. గింజ తియ్యడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడేళ్ళలో మొదటిసారి వరహాలమ్మకు ఎడమ చేతిలో ఏమీ లేదనిపించింది. హాయిగా ఉంటుందనుకుంది గానీ, ఖాళీగా ఉంది.

తిరుగు బస్సు సగం దారిలో ఉండగా అప్పలస్వామి ఫోన్ చేశాడు. తవిటినాయుడు తీసి విని, ఫోన్ ఆమె సంచీలో పెట్టేశాడు.

"ఆ పిల్ల పోయిందట" అన్నాడు.

వరహాలమ్మ కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. బస్సులో అందరూ చూస్తున్నారని తవిటినాయుడు ఆమెకు అడ్డంగా కూర్చున్నాడు.

* * *

డాక్టర్ ప్రణవ్ వరహాలమ్మ తప్పొప్పుకుంటూ రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. రిజిస్టరులో జనవరి తొమ్మిది నుంచి ప్రతి పేజీకీ అడ్డంగా ఎర్ర సిరాతో ఆమె ఒకే వాక్యం రాసింది: ఈ అంకెలు చూసి రాసినవి కావు.

"పరికరంలో లోపం అని రాస్తే సరిపోతుంది కదండీ" అన్నాడు. "మొత్తం మీ నెత్తినేసుకున్నారు."

"పరికరం రిజిస్టరు రాయదు సార్. నేను రాశాను. ముల్లు కళ్ళెదుట చూపిస్తుంటే సొరుగులో పడేసిందీ నేనే."

అతను తల వంచుకున్నాడు. పెద్దాసుపత్రికి తను రాసిన వాక్యాన్ని కొట్టివేస్తూ మరో ఉత్తరం రాశాడు. "ఆవిడకు నేను..." అని ఆగిపోయాడు.

"తర్వాత వెళ్ళండి. ముందు నేను వెళ్ళాలి" అంది వరహాలమ్మ.

జీడిలోవకు జీపు సగం దూరమే పోతుంది. మిగతాది నడక. కొత్త నర్సు ముందు నడుస్తుంటే, వరహాలమ్మ టీకాల పెట్టె కుడి భుజానికి తగిలించుకుని కాళ్ళీడ్చుకుంటూ వెనక నడిచింది. పెట్టెలో పాత డేటా లాగర్ ఒకటి, కొత్త బ్యాటరీతో. ప్రతి మలుపులోనూ ఆగి, మూత కొంచెం తెరిచి, దాని మీది అంకె కళ్ళతో చూసింది. ఐదు. నాలుగు పాయింట్ ఎనిమిది. ఐదు. నర్సు విసుక్కోలేదు.

ఊరు మధ్య చావడిలో పెట్టె దించేసరికి పదిహేను మంది దాకా తల్లులు చేరారు. చామంతి ఇల్లు ఎదురుగానే. అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. పిల్ల పోయి ఆరో రోజు. వరహాలమ్మ ముందు అటే వెళ్ళింది.

"ఎందుకొచ్చినావు మందులమ్మా?"

"పిల్లలకు మళ్ళీ సూదులు వెయ్యాలి" అంది వరహాలమ్మ. చావడిలోకి వినబడేలాగే చెప్పింది. "సంక్రాంతి ముందరి నుంచి వేసినవి పని చెయ్యలేదు. నా దగ్గర ఫ్రిజ్‌లో మందు గడ్డకట్టి చచ్చిపోయింది. నేను చూసుకోలేదు. నువ్వు మూడుసార్లూ తెచ్చావు. అందులో అబద్ధం లేదు."

చామంతి ఆమెనే చూస్తోంది.

"అయితే నా గుంటకి ఏసిందేటి?"

"నీళ్ళతో సమానం."

ముందు కదిలింది చావడిలోని ఆడవాళ్ళు. ఒకామె పిల్లను ఎత్తుకుని గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇంకో ఆమె, "ఇన్నాళ్ళూ ఏడిపించి ఏడిపించి నీళ్ళు పొడిసినారేటి మా గుంటలకి? ఇయాల తెచ్చింది మందని మాకెలగ తెలుస్తాది?" అంది. పదిహేనేళ్ళుగా ఈ కొండ ఎక్కి దిగి, ఒక్కొక్క గడపా పట్టుకుని బతిమాలి కూడబెట్టుకున్న నమ్మకం కళ్ళముందే ఎవరిళ్ళకు వాళ్ళతో పాటు వెళ్ళిపోతోంది. ఆమెకు వాళ్ళను ఆపే ఓపిక కూడా మిగల్లేదు. ఈ ఎండలో ఇక్కడే కూలబడిపోతే బావుండుననిపించింది.

చామంతి అరుగు దిగింది. మైల రోజుల్లో గడప దాటకూడదని లోపలినుంచి అత్త అంటూనే ఉంది. ఆమె వినిపించుకోలేదు. చావడి దగ్గరకు వచ్చి, వెళ్ళిపోతున్న ఆడవాళ్ళ దారికి అడ్డంగా నిలబడింది.

"గుంటల్ని తేండి" అంది. "నా గుంట మెడ ఎలగ వాసిపోయిందో నాను సూసినాను. మీరు సూడొద్దు."

ఎవరూ కదల్లేదు. చామంతి దగ్గరగా ఉన్నామె చంకలోంచి పిల్లవాణ్ణి తనే తీసుకుని, నర్సు ముందు చాపమీద కూర్చుని, వాడి తొడ గట్టిగా పట్టుకుంది. సూది దిగేటప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పుకోలేదు. వాడు కెవ్వున ఏడ్చాడు, వాడి తల్లి పరుగున వచ్చి ఎత్తుకుంది. తర్వాత రెండో ఆమె వచ్చింది, ఆ తర్వాత మూడో ఆమె.

వరహాలమ్మ నేలమీద చామంతి పక్కన కూర్చుని ఏదో చెప్పబోయింది. క్షమించమనో, కాళ్ళు పట్టుకుంటాననో, తనకే తెలియదు.

"ముందు ఆల గుంటలకి కానీ" అంది చామంతి, ఆమె వైపు చూడకుండా. "నాతో తరవాత మాటాడుదువు."

పద్దెనిమిది మంది పిల్లలకు సూదులు పడేసరికి పొద్దు వాలింది. అంతసేపూ చామంతి అక్కడే కూర్చుంది. ఏడ్చేవాళ్ళను పట్టుకుంది. ఆఖరి పిల్ల వెళ్ళాక లేచి తన అరుగు మీదికి వెళ్ళింది. వరహాలమ్మ వెనకే వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు" అంది చామంతి.

వరహాలమ్మ చెప్పింది. గింజ సంగతి, చెయ్యి సంగతి, సొరుగులో పడేసిన థర్మామీటరు సంగతి, రాసిన నాలుగుల సంగతి, ఆ బుధవారం తనకు నోరు పెగలకపోవడం, అన్నీ. ఏదీ తగ్గించలేదు. చామంతి చివరిదాకా వింది. ఊరడించలేదు, తిట్టనూ లేదు. మధ్యలో ఒకసారి లోపలికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చి, మళ్ళీ అక్కడే కూర్చుంది.

ఇక వెళ్ళాల్సిన వేళయింది. జీపు కింద ఎదురుచూస్తోంది. చావు జరిగిన ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని ఎవరూ అనరు, మళ్ళీ ఆ పనికే రావాలన్నట్టవుతుందని. వరహాలమ్మ కూడా మాట లేకుండా లేచి, పెట్టె భుజానికెత్తుకుని, మెట్టు దిగింది.

"మందులమ్మా."

ఆమె ఆగింది.

"ఆ గుంటలకి ఇంకో రెండు సూదులుండాయి గదా. నెలకొకటి."

"ఉన్నాయి."

"ఇలగ సెప్పకండా ఎల్లిపోతే నువ్వు రావు, నీ పైవోలు పంపరు. వొత్తానని సెప్పి ఎల్లు."

వరహాలమ్మ ఆ ఇంటి గుమ్మం వైపు చూసింది. లోపల చీకట్లో దీపం దగ్గర అత్త కూర్చుని, ఇద్దర్నీ చూస్తోంది.

"వస్తాను" అంది వరహాలమ్మ.